ఇంట్లో ఆడిన ఆట రైల్లో తెరుచుకోకపోతే: హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీలో ఆఫ్‌లైన్ ఆటల చిక్కులు, పరిష్కారాలు

హన్మకొండలోని మా చిన్న మరమ్మతు దుకాణానికి హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీలు, అంటే చేతిలో పట్టుకుని కంప్యూటర్ ఆటలు ఆడుకునే చిన్న యంత్రాలు, తెచ్చేవారిలో ఎక్కువమంది ఒకటే మాట చెబుతారు: “ఇంట్ల మంచిగనే ఆడింది అన్నా, బండి కాజీపేట దాటినంక ఓపెన్ అయితలేదు.” యంత్రం పాడైందేమోనని వారి భయం. విప్పి చూస్తే యంత్రంలో లోపమేమీ ఉండదు. ఆటను ఎంచుకునేటప్పుడు చూడవలసినది చూడకపోవడమో, బయలుదేరే ముందు చేయవలసిన ఒక్క పరీక్షను వదిలేయడమో కారణమై ఉంటుంది.

ముందు ఆ పరీక్ష సంగతి చెబుతాను, ఎందుకంటే దీన్ని చేయకుండానే నా దగ్గరకు వచ్చేవారిని చూసి విసిగిపోయాను. యంత్రాన్ని నిద్రపుచ్చకుండా పూర్తిగా ఆపివేయండి. మళ్లీ ఆన్ చేసి, ఆట తెరవక ముందే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. అప్పుడు ఆటను తెరిచి, మీరు దాచుకున్న ఆటను (సేవ్‌ను) లోడ్ చేసి, పాత్రను పది అడుగులు నడిపించండి. నిద్ర నుంచి లేపి “ఆడుతోంది కదా” అనుకోవడం పరీక్ష కాదు, ఎందుకంటే ఇంట్లో వైఫై ఉన్నప్పుడు తెరిచిన ఆటే అప్పటికీ మెమరీలో నడుస్తూ ఉంటుంది. మొదటి మెనూ కనిపించగానే ఆపేయడమూ పరీక్ష కాదు, ఎందుకంటే కొన్ని ఆటలు మెనూ దాకా రానిచ్చి, ‘కొనసాగించు’ నొక్కిన తరువాతే సర్వర్‌ను వెతుకుతాయి.

లక్షణం: కొత్తగా కొన్న ఆట నెట్ లేకుండా ఒక్కసారి కూడా తెరుచుకోదు, లేదా ఏదో ఖాతాలోకి లాగిన్ కమ్మంటుంది.

‘సింగిల్ ప్లేయర్’ అన్న మాటకు ఒక్కరే ఆడవచ్చునన్నదే అర్థం, నెట్ అక్కరలేదన్న హామీ అందులో లేదు. డయాబ్లో 4ను ఒంటరిగా మొదటి నుంచి చివరిదాకా ఆడవచ్చు, కానీ సర్వర్‌తో సంబంధం లేకుండా అది నడవదు. హిట్‌మ్యాన్ వరల్డ్ ఆఫ్ అసాసినేషన్ ఆఫ్‌లైన్‌లో తెరుచుకుంటుంది గానీ, సాధించిన స్థాయిలూ తెరిచిన ఆయుధాలూ లెక్కకు రావు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వంటివాటిని స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్నా, లోపల ఇంకొక కంపెనీ లాంచర్ (ఆటను తెరిచే ప్రోగ్రామ్) వేరుగా తెరుచుకుని తన లాగిన్ తాను అడుగుతుంది. ఆ లాంచర్‌ను ఇంట్లో ఒకసారి తెరిచి లాగిన్ కాకపోతే రైల్లో చేయగలిగింది ఏమీ లేదు.

పరిష్కారం కొనకముందే ఉంది. స్టీమ్‌లో ఆట పేజీ కుడివైపున థర్డ్ పార్టీ (స్టీమ్‌ది కాని వేరే కంపెనీ) ఖాతా కావాలనో, థర్డ్ పార్టీ డీఆర్‌ఎం (కాపీ చేయకుండా ఆపే తాళం) ఉందనో ఒక చిన్న పెట్టెలో రాసి ఉంటుంది. స్టీమ్ వారి సొంత హ్యాండ్‌హెల్డ్ అయిన స్టీమ్ డెక్ వాడేవారు, ఆ యంత్రంలో ఆట బాగా నడుస్తుందని చెప్పే ఆకుపచ్చ ‘వెరిఫైడ్’ గుర్తు చూసి ఊరుకుంటారు, కానీ ఆ గుర్తు ఆఫ్‌లైన్‌కు హామీ కాదు. దాని కింద వివరాలు తెరిస్తే, మొదటిసారి తెరవడానికి నెట్ అవసరమని కొన్ని ఆటలకు స్పష్టంగా రాసి ఉంటుంది. విండోస్ హ్యాండ్‌హెల్డ్‌లో గేమ్ పాస్ (మైక్రోసాఫ్ట్ వారి చందా పథకం) ఆటలు ఆడేవారు మైక్రోసాఫ్ట్ స్టోర్ సెట్టింగ్స్‌లోని ఆఫ్‌లైన్ అనుమతిని ఆ యంత్రానికి ముందే ఇచ్చి ఉండాలి.

లక్షణం: వారాల తరబడి ఆఫ్‌లైన్‌లో ఆడిన ఆటే ఒకరోజు హఠాత్తుగా తెరుచుకోవడం మానేస్తుంది.

నన్ను కూడా ముంచిన కారణం ఇదే కనుక దీన్ని తీరికగా చెబుతాను. ఒకసారి కాజీపేటలో నాగ్‌పూర్ వైపు బండి ఎక్కి, మంచిర్యాల వరకు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి అడవి మొదలై సిగ్నల్ పోయాక, తీరిగ్గా హ్యాండ్‌హెల్డ్ తీసి, నెల రోజులుగా నెట్ లేకుండానే ఆడుతున్న ఆటను తెరిచాను. నల్లటి తెర వచ్చి, ఒక చిన్న కిటికీలో ఎర్రర్ కోడ్ చూపించి మూసుకుపోయింది. ముందురోజు రాత్రి ఫ్రేములు కాస్త పెరిగి ఆట సాఫీగా కదులుతుందేమోనన్న ఆశతో, దాన్ని నా యంత్రంలో నడిపించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్చి, తెరిచి చూడకుండానే పడుకున్నానన్న సంగతి బల్లార్షా వచ్చేదాకా నాకు తట్టలేదు.

లోపల జరిగేది ఇది. డెనువో (దొంగ కాపీలను అడ్డుకునే సాఫ్ట్‌వేర్) రక్షణ ఉన్న ఆట మొదటిసారి తెరుచుకున్నప్పుడు మీ యంత్రం గుర్తులను సర్వర్‌కు పంపి, ఒక అనుమతి టోకెన్ తెచ్చుకుని దాచుకుంటుంది. ఆ టోకెన్ చెల్లినంత కాలం నెట్ లేకున్నా ఆట నడుస్తుంది. స్టీమ్ డెక్‌లో విండోస్‌కు బదులు ఉండే స్టీమ్ఓఎస్‌లో విండోస్ ఆటను నడిపించేది ప్రోటాన్, దాని వెర్షన్ మారితే డెనువో కళ్లకు అది వేరే కంప్యూటర్‌లా కనిపిస్తుంది. పాత టోకెన్ చెల్లదు, కొత్తది తేవడానికి నెట్ ఉండదు. ఆటకు అప్‌డేట్ వచ్చి అసలు ఫైలు మారినప్పుడు కూడా ఇదే జరగవచ్చు. రాత్రి ఛార్జింగ్‌లో పెట్టిన యంత్రం తనంతట తానే అప్‌డేట్ దించుకుంటుంది, పొద్దున్నే మనం దాన్ని సంచిలో వేసుకుని బయలుదేరతాం.

దీనికంటే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. గోదావరిఖని నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఆట సరిగ్గా నడవడం లేదని, నెట్ ఉన్నప్పుడే, ఒక్క మధ్యాహ్నంలో ఒకదాని తరువాత ఒకటిగా ప్రోటాన్ వెర్షన్లు మార్చి చూశాడు. ఇలాంటి చాలా ఆటల స్టోర్ పేజీల్లోనే రోజుకు ఐదు వేర్వేరు పీసీలకు మాత్రమే అనుమతి అని రాసి ఉంటుంది. ప్రతి వెర్షన్ ఒక పీసీగా లెక్కకు వచ్చి ఐదూ అయిపోయాయి. ఆ తరువాత అతడు అసలు వెర్షన్‌కు తిరిగి వచ్చినా ఆట తెరుచుకోలేదు, పైగా ఇప్పుడు నెట్ ఉన్నా తెరుచుకోలేదు. ఆట తీసివేసి మళ్లీ దించుకున్నాడు, అదీ మొబైల్ డేటాతో. చివరికి మా దుకాణానికి తెస్తే నేను చేసిందల్లా ప్రోటాన్‌ను ఒకే వెర్షన్ మీద నిలిపి, మర్నాటిదాకా ముట్టవద్దని చెప్పడమే. మరుసటి రోజు సాయంత్రం ఒక్కసారి నెట్‌లో తెరవగానే ఆట ఆడింది. పైసా తీసుకోలేదు, తీసుకోవడానికి నేను చేసిన పనీ లేదు.

కాబట్టి ఆట సెట్టింగ్స్‌లోని కంపాటిబిలిటీ విభాగంలో ఒక వెర్షన్ ఎంచుకుని స్థిరపరచండి, ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచి దాన్ని కదిలించకండి. బయలుదేరే ముందు అప్‌డేట్లన్నీ పూర్తి కానిచ్చి, ప్రతి ఆటనూ నెట్‌లో ఒకసారి తెరిచి, ఆ తరువాతే మొదట చెప్పిన పరీక్ష చేయండి. ఈ వరుస తప్పితే పరీక్షకు విలువ లేదు. విండోస్ యంత్రంలో ప్రోటాన్ ఉండదు గానీ అప్‌డేట్ తరువాత ఒకసారి నెట్‌లో తెరవాలన్న నియమం అక్కడా వర్తిస్తుంది.

లక్షణం: ఆట తెరుచుకుంటుంది, కానీ నిన్న ఆడినదంతా కనిపించదు.

ఇంట్లో పెద్ద పీసీలో ఆడి, దాన్ని మూసివేసిన తరువాత హ్యాండ్‌హెల్డ్‌ను నెట్‌కు తగిలించకపోతే క్లౌడ్‌లో, అంటే స్టీమ్ సర్వర్‌లో, ఉన్న సేవ్ దానిలోకి దిగదు. పాత సేవ్ మీదే ఆడుకుంటూ పోతే, ఇంటికొచ్చాక రెండింటిలో ఏది ఉంచాలని స్టీమ్ అడుగుతుంది. తేదీ, సమయం చూడకుండా నొక్కితే ఒక దానిని పోగొట్టుకుంటారు.

కొత్తగా యంత్రం కొన్నవారు ఏ ఆటలు వేసుకోవాలని అడిగితే నేను మొదట చెప్పేవి స్టార్డ్యూ వ్యాలీ, హాలో నైట్, సెలెస్టే, స్లే ది స్పైర్. వీటికి రెండో లాంచర్ లేదు, డెనువో లేదు, యంత్రం మీద బరువూ తక్కువ. బరువు సంగతి బ్యాటరీకి కూడా సంబంధించినదే: మొదటి స్టీమ్ డెక్‌లో ఉన్నది 40 వాట్ అవర్ల బ్యాటరీ, భారీ ఆటలకు అది రెండు గంటలకు అటూఇటుగానే వస్తుంది. పెద్ద ఆటే కావాలంటే విచర్ 3, సైబర్‌పంక్ 2077 వంటివి జీఓజీ అనే మరో ఆన్‌లైన్ ఆటల దుకాణంలో డీఆర్‌ఎం లేకుండా దొరుకుతాయి, వాటి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ను దించి హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు. మేడారం జాతరలో లక్షల మంది మధ్య నెట్‌వర్క్ చేతులెత్తేసిన రాత్రి కూడా ఇవి తెరుచుకుంటాయి.

మిగిలిన కారణాలు అరుదు. మైక్రోఎస్‌డీ కార్డు కదిలి ఆటలు మాయమైతే, యంత్రాన్ని ఆపి కార్డును తీసి మళ్లీ పెట్టండి. బ్యాటరీ పూర్తిగా అడుగంటి తేదీ తప్పుగా చూపిస్తుంటే సరిచేయండి. ఫైళ్లు చెడ్డాయని అనుమానం ఉంటే వాటిని సరిచూడడానికి నెట్ కావాలి కనుక, ఆ పని ఇంటికి వచ్చాక చేసుకోండి.