సోలార్ బేటరీలో నీళ్లు ఎలా పోయాలి? పొద్దున్నే మాత్రం పోయకండి

మా పర్లాకిమిడి వైపు తుఫానొస్తే కరెంటు ఎన్నాళ్లకొస్తుందో చెప్పలేం, 2018లో తిత్లీ అప్పుడు చూశాం కదా. అందుకే ఎవరడిగినా బేటరీ ఉన్న సోలారే పెట్టుకోమంటాను, బేటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపే ఆన్‌గ్రిడ్ అయితే లైన్లో కరెంటు పోగానే అదీ ఆగిపోద్ది. కానీ వేలు పోసి బేటరీ కొన్నవాళ్లు కూడా నీళ్లు పోసే దగ్గర దాన్ని పాడుచేసేస్తున్నారు.

ఇదంతా మూతలు తీసి నీళ్లు పోసే ట్యూబ్యులర్ బేటరీల గురించి. లిథియం, ఎస్ఎంఎఫ్ (సీల్ వేసి వచ్చేవి) వాటికి నీళ్లతో పనే లేదు.

డిస్టిల్డ్ వాటర్, ప్లాస్టిక్ గరాటు, రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు, టార్చి, కొంచెం తినేసోడా దగ్గర పెట్టుకోండి. బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు ఏవీ వద్దు. యాసిడ్ అసలే వద్దు, ఆవిరయ్యేది నీళ్లే గానీ యాసిడ్ కాదు. కిటికీలు తీసి, ముందు ప్యానెల్ స్విచ్, తర్వాత ఇన్వర్టర్ ఆపండి. అగ్గిపుల్ల, బీడీ దగ్గరకి రానివ్వొద్దు, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. మూతలు తీసేముందు పైన దుమ్ము తుడిచేయండి.

ఇక అసలు సంగతి, ఎప్పుడు పోయాలి. బేటరీ ఫుల్ చార్జ్ అయ్యాకే పోయాలి, అంటే సోలార్ ఇంట్లో సాయంత్రం నాలుగు, అయిదు మధ్య. చాలామంది పొద్దున్నే లేచి, మట్టం తగ్గిందని చూసి పైగీత దాకా నింపేస్తారు. రాత్రంతా వాడిన బేటరీలో మట్టం తక్కువే ఉంటుంది, ఎండెక్కి చార్జింగ్ మొదలయ్యాక లోపల బుడగలు లేచి అదే పైకొస్తుంది, గిన్నె అంచుదాకా పాలు పోసి పొయ్యి మీద పెట్టినట్టే. మధ్యాహ్నానికి మూతల్లోంచి కారి, కింద ట్రాలీ తుప్పు పట్టి, టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది. కారింది ఉత్త నీళ్లు కాదు, అందులో యాసిడ్ పోయింది. మళ్లీ మట్టం తగ్గిందని మళ్లీ నీళ్లే పోస్తారు, అలా ప్రతిసారీ యాసిడ్ పల్చబడి నాలుగు గంటలు రావాల్సిన బ్యాకప్ రెండు గంటలకి పడిపోతుంది, అప్పుడేమో కంపెనీని తిడతారు.

ఒక్క సందర్భం వేరు. టార్చి వేసి చూస్తే ప్లేట్లు బయటికి కనిపిస్తున్నాయనుకోండి, అప్పుడు చార్జింగ్‌కి ముందే పోయాలి, ప్లేట్లు మునిగేంత మాత్రమే. మిగతాది ఫుల్ అయ్యాక. వానాకాలం మబ్బుతో ఫుల్ అవ్వకపోతే కరెంటు మీద చార్జ్ చేసి అప్పుడు పోయండి.

మూత మీద మట్టం చూపించే ఫ్లోట్‌లో ఎర్ర గీత చూసి పోసేవాళ్లున్నారు. నేనైతే దాన్ని నమ్మను, మురికి పట్టి ఇరుక్కుపోతుంది. మూత తీసి కళ్లతో చూడాల్సిందే. ఆరు సెల్సూ, అంటే ఒక్కో మూత కింద ఉండే ఒక్కో అర, విడివిడిగా చూసి, గరాటుతో కొంచెం కొంచెంగా పైగీతకి కాస్త కిందవరకే పోయండి.

పైన ఒలికితే తినేసోడా కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి తుడవండి, ఒక్క చుక్క కూడా సెల్లులోకి పడకూడదు. టెర్మినళ్లకి వాజిలిన్ రాసి, మూతలు బిగించి, ఇన్వర్టర్, ఆ తర్వాత ప్యానెల్ వేసేయండి.

వేసవిలో నెలకోసారి చూడాలి. ఆరు సెల్సూ మాటిమాటికీ తగ్గిపోతుంటే చార్జింగ్ వోల్టేజీ ఎక్కువ పెట్టేశారేమో మెకానిక్‌తో చూపించండి. ఒక్క సెల్లే తగ్గుతుంటే మాత్రం అది పోయే సెల్లు, లేదా డబ్బాకి పగులు, నీళ్లు పోస్తూ కూర్చోకుండా వారంటీ కార్డు వెతకండి.