బాత్రూమ్ కొత్తగా చేయించాక డ్రైనేజీ వాసన: టైల్స్ పగలగొట్టే ముందు ఇవి చూడండి

కొత్త టైల్స్, కొత్త కమోడ్, కొత్త బేసిన్. పని పూర్తయి నెల తిరక్కుండానే బాత్రూమ్ తలుపు తీస్తే గుప్పున డ్రైనేజీ వాసన. ఇలాంటి ఇళ్లకు నన్ను పిలిచేసరికి అప్పటికే ఎవరో ఒకరు వచ్చి కమోడ్ ఊడదీసి మళ్లీ బిగించి ఉంటారు, మూలన నాలుగు టైల్స్ లేపి ఉంటారు. వాసన మాత్రం ఎక్కడికీ పోదు. ఒక్క నిమిషంలో చూడగలిగేది ఎవరూ చూడకపోవడమే దీనికి కారణం.

ముందు ట్రాప్‌లో నీళ్లున్నాయో లేదో చూడండి

బాత్రూమ్ నేల మీది నీళ్లు పోయే చోట, జాలీ కింద నీళ్లు నిలిచేలా ఉండే భాగమే నహానీ ట్రాప్. దాని మీది జాలీ తీసి లోపలికి టార్చ్ కొట్టండి. అడుగున నీళ్లు తళుక్కుమని కనిపించాలి. డ్రైనేజీ పైపులోని గాలికీ మీ గదికీ మధ్య ఉన్న అడ్డు ఆ నీళ్లే. ఇంకే తలుపూ లేదు. నీటి సీల్ అంటే అదే. లోతు కనీసం 50 మిల్లీమీటర్లు ఉండాలని ప్లంబింగ్ నిబంధనలు సాధారణంగా అడుగుతాయి. పెద్దగా వాడని బాత్రూమ్‌లో ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ఒక బకెట్ నీళ్లు పోసి మర్నాడు చూడండి. వాసన పోయి మళ్లీ రాకపోతే మీ సమస్య అక్కడితో తీరినట్టే. అప్పుడప్పుడూ నీళ్లు పోస్తూ ఉంటే చాలు.

కొన్ని స్టీల్ జాలీల కింద చిన్న గిన్నె లాంటి మూత ఉంటుంది. నీళ్లు తొందరగా పోవడం లేదని దాన్ని తీసి పక్కన పడేస్తుంటారు. ఆ రకం ట్రాప్‌లో సీల్ ఏర్పడేదే ఆ గిన్నె వల్ల. అది లేకపోతే ఎన్ని నీళ్లు పోసినా సీల్ ఏర్పడదు. వెతికి మళ్లీ పెట్టండి.

బేసిన్ కింద కూడా ఒకసారి వంగి చూడండి. ముడతల పైపును నేల పైపులోకి ఊరికే దోపి వదిలేసి ఉంటే చుట్టూ ఉన్న సందులోంచి వాసన వస్తుంది. సైజుకు సరిపోయే రబ్బర్ రింగ్ వేస్తే సరి. ఆ పైపును నిటారుగా లాగి బిగించి ఉంటే అందులో నీళ్లు నిలిచే వంపే ఉండదు, అప్పుడు మామూలు బాటిల్ ట్రాప్ (బేసిన్ కింద బిగించే, అడుగున నీళ్లు నిలిచే చిన్న సీసా లాంటిది) వేయించాలి. కమోడ్‌ను రెండు చేతులతో పట్టుకుని కదిపి చూడండి. కదిలితే కింద సీల్ దెబ్బతిన్నట్టే, తీసి కొత్తది వేసి బిగించాలి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడే వాసన వస్తోందంటే ఫ్యాన్‌ను తిట్టుకోకండి. ఎక్కడో ఎండిపోయిన ట్రాప్‌లోంచో, పైపు సందులోంచో అది గాలిని లాగుతోంది. పైన చెప్పినవే మళ్లీ చూసుకోండి.

నీళ్లు పోస్తే వాసన పోయి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ వస్తుంటే

అసలు తలనొప్పి ఇక్కడే మొదలవుతుంది. రోజూ వాడే బాత్రూమ్‌లో ఒకటి రెండు రోజుల్లో సీల్ నీళ్లన్నీ ఆవిరైపోవు. వాటిని ఏదో లాగేస్తోంది. దీనికి తోడు ఇంకో గుర్తు ఉంటుంది: పై అంతస్తులో ఎవరైనా ఫ్లష్ చేస్తే మీ నహానీ ట్రాప్‌లో గుడగుడమని చప్పుడు వస్తుంది, కమోడ్‌లో నీళ్లు వాటంతటవే కొంచెం పైకి లేచి దిగుతాయి. ఈ రెండూ కనిపిస్తే టైల్స్ జోలికి వెళ్లకండి. మేడ ఎక్కి వెంట్ పైపు, అంటే డ్రైనేజీ నిలువు పైపుకు గాలి అందేలా పైకి తెరిచి వదిలిన భాగం, ఎలా ఉందో చూడండి.

నీళ్ల సీసాను తలకిందులు చేస్తే నీళ్లు ఒక్కసారిగా రావు, గడగడమంటూ గాలి లోపలికి వెళ్లాకే బయటికి దూకుతాయి. నిలువు పైపులో జరిగేదీ అదే. ఫ్లష్ నీళ్లు కిందికి దిగుతుంటే వాటి వెనక గాలి పలచబడుతుంది. ఆ లోటు తీర్చడానికి పైనుంచి గాలి రావాలి, అందుకే ఆ పైపును మేడ మీదికి తెరిచి వదులుతారు. పైన మూసుకుపోతే ఆ గాలి మీ ట్రాప్‌లోంచే వస్తుంది, వస్తూ సీల్ నీళ్లను లాక్కుపోతుంది. కింది అంతస్తులో దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. దిగే నీళ్ల ముందు గాలి నొక్కుకుపోయి, ట్రాప్ నీళ్లలోంచి బుడగలుగా మీ గదిలోకే తన్నుకొస్తుంది.

రెనొవేషన్‌లో ఈ పైపు మూసుకుపోయే దారులు నేను చూసినవి కొన్ని. మేడ మీద వాటర్‌ప్రూఫింగ్ చేస్తూ అడ్డొస్తోందని పైపును నేల మట్టానికి కోసి, మీద సిమెంటు పూసేస్తారు. దోమలు వస్తున్నాయని ఎండ్ క్యాప్ బిగిస్తారు. పైన ఇంకో గది వేస్తే పైపు మూతి ఆ గది ఫాల్స్ సీలింగ్‌లోకి తెరుచుకుని ఉంటుంది. బాల్కనీకి అద్దాలు బిగించి మూస్తే అంతకుముందు ఆరుబయట ఉన్న మూతి ఇప్పుడు ఇంటి లోపలికి వస్తుంది. వీళ్లెవరూ కావాలని చేసినవాళ్లు కాదు. ఎప్పుడు చూసినా అందులో నీళ్లు పారవు కాబట్టి పనికిరాని పైపు అనుకుంటారు.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, పని జరిగేది ఒకచోట, వాసన వచ్చేది ఇంకోచోట. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తువాళ్లు పైపు కోస్తే మీరు రెండంతస్తుల కింద కూర్చుని మీ ప్లంబర్‌ను అనుమానిస్తారు. మీ పనీ మేడ మీది పనీ ఒకే నెలలో జరిగితే ఇక ఎవరికీ అంతుచిక్కదు. అందుకే ఫోన్ చేసినవాళ్లను నేను మొదట అడిగేది, మీ పైన ఈమధ్య ఎవరైనా పని చేయించారా అని.

పరీక్ష ఇలా చేయండి. నహానీ ట్రాప్ నిండా నీళ్లు పోసి, సన్నటి పుల్ల ముంచి తడి ఎంతవరకు ఉందో పెన్నుతో గీత పెట్టండి. కింద ఇంకెవరూ నీళ్లు వాడకుండా చూసుకుని, పై అంతస్తువాళ్లను నాలుగైదుసార్లు ఫ్లష్ చేయమనండి. మళ్లీ పుల్ల ముంచండి. తడి గీత కిందికి దిగితే సీల్ లాగుతున్నట్టు తేలిపోయింది. తర్వాత మేడ మీద వెంట్ మూతి దగ్గర టిష్యూ కాగితం ముక్కను వేలాడదీసి పట్టుకుని, కింద ఫ్లష్ చేయించండి. కాగితం పైపు వైపు లాగితే దారి తెరిచే ఉంది. కదలకపోతే లోపల పక్షిగూడో, సిమెంటు ముద్దో ఉండొచ్చు. అగరుబత్తి, అగ్గిపుల్ల లాంటివి మాత్రం దగ్గరికి తీసుకెళ్లొద్దు. డ్రైనేజీ గాలిలో మీథేన్ ఉంటుంది, అది అంటుకుంటుంది.

బాగుచేసేటప్పుడు

కోసిన పైపును అదే వ్యాసంతో పైకి పొడిగించాలి, చిన్న పైపు తగిలించి సరిపెట్టకూడదు. మూతికి ఎండ్ క్యాప్ కాదు, గాలి ఆడే కౌల్ (సందులున్న మూత) వేయాలి. అడ్డంగా తిప్పాల్సి వస్తే లోపల పట్టే చెమ్మ వెనక్కి జారి నిలువు పైపులోకి పోయేలా వాలు ఉండాలి. మూతి ఎక్కడ ఉండాలన్నదానికీ నిబంధనలున్నాయి. ఊరిని బట్టి అంకెలు మారతాయి కానీ, సుమారు 3 మీటర్ల లోపు కిటికీ ఉంటే దాని పైఅంచు కంటే 90 సెంటీమీటర్లయినా ఎత్తుగా ఉండాలన్నది తరచూ కనిపించే లెక్క. మనుషులు తిరిగే మేడ అయితే మూతి తల కంటే ఎత్తులో ఉండాలి.

మేడ దాకా పైపు వేయలేమన్నప్పుడు కొందరు ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ పెడతారు. అది గాలిని లోపలికి మాత్రమే రానిస్తుంది, నొక్కుకున్న గాలిని బయటికి వదలదు. అనుమతించే చోట్ల కూడా ఇంటి మొత్తానికి కనీసం ఒక్క వెంట్ అయినా ఆరుబయటికి తెరిచి ఉండాలంటారు. పైగా దాని రబ్బర్ పాడవుతుంది, కాబట్టి చెయ్యి అందే చోట పెట్టాలి. ఫాల్స్ సీలింగ్ పైన పెట్టి మూసేయడానికి ఒప్పుకోకండి.

నిలువు పైపు అపార్ట్‌మెంట్‌లో ఉమ్మడి ఆస్తి. దాన్ని కోయాలన్నా, జరపాలన్నా అసోసియేషన్ రాతపూర్వక అనుమతి తీసుకోండి, స్థానిక సంస్థ అనుమతి కావాలేమో ముందే అడగండి. తనిఖీ ఉన్న చోట టైల్స్ వేసే ముందే, పైపులు బయటికి కనిపిస్తుండగానే చూపించాలి. తనిఖీ లేని చోట మీరే నీళ్లు నింపి లీకేజీ చూసుకోండి, పక్కన కొలత టేపు పెట్టి ప్రతి పైపుకూ ఫొటో తీసి దాచుకోండి. మేస్త్రీ "ఏం కాదు సార్, వంద ఇళ్లకు చేశాం" అన్నా సరే, ఆ పూటకు పని ఆపించి ఇది చేయండి. అందరూ దాటేసేది ఇదే, నాకు కోపం వచ్చేదీ ఇక్కడే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వాసన పోకపోతే అప్పుడు మిగతావి. స్లాబ్ కింద పగిలిన పైపు, ఒకే లైన్‌లో ఒకదాని తర్వాత ఒకటి రెండు ట్రాప్‌లు, బయట మెయిన్ లైన్ పొంగడం, గోడలో చచ్చిన ఎలుక. ఇవి అరుదు. పైపు పగిలిందో లేదో కెమెరాతోనో, పొగ పరీక్షతోనో తెలుస్తుంది, దానికోసం నేలంతా తవ్వనక్కర్లేదు.

కొన్నాళ్లు వాసన భరించి "ఇప్పుడు తగ్గిందండీ" అనేవాళ్లూ ఉన్నారు. అలా నమ్మకండి. ఆ గాలిలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ ముక్కును మొద్దుబారుస్తుంది, ఎక్కువ మోతాదులో ఉంటే అసలు వాసనే తెలియకుండా చేస్తుంది. తగ్గిందో లేదో తేల్చుకోవాలంటే ఆ పుల్లనే మళ్లీ ట్రాప్‌లో ముంచి, గీత దగ్గర తడి ఉందో లేదో చూడండి.