సొంత లారీని ఎప్పుడు ఎక్స్ఛేంజ్ చేయాలి?

ఫైనాన్స్ కంతులు తీరిన నెల నుంచే ఓనర్ డ్రైవర్‌కు షోరూముల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పాత బండి ఇచ్చేయ్, కొత్తది తీసుకో, డౌన్ పేమెంట్ కూడా పెద్దగా అక్కర్లేదు" అంటారు. తాడిపత్రి రాయి, ఎర్రగుంట్ల సిమెంటు తోలేవాళ్ల నుంచి అనంతపురం చీనీకాయలతో (బత్తాయిలతో) ఢిల్లీ పోయేవాళ్ల దాకా అందరికీ ఇదే పాట. ఆ నెలలో మాత్రం బండి మార్చకండి. కంతుల్లేకుండా తిరిగే ఆ రెండు మూడేళ్లలోనే బాడుగ డబ్బు ఇంటికి చేరేది. అలాగని మరీ సాగదీసినా నష్టమే. ఎక్కడ ఆపాలో ఇలా తేల్చుకోవచ్చు.

ముందు డైరీ తీయండి

గత ఏడాది ఖర్చులన్నీ ఒకచోట రాయండి. టైర్లు, టోలు, ఇన్సూరెన్స్ పక్కన పెట్టండి, అవి కొత్త బండికైనా తప్పవు. బండి పాతబడినందుకు పడే దెబ్బలు మూడే: రిపేర్లు, మునుపటికంటే ఎక్కువ తాగే డీజిల్, షెడ్డులో ఆగిన రోజులు.

రిపేరు బిల్లు చేతికొస్తుంది కాబట్టి అందరికీ గుర్తుంటుంది. డీజిల్ చడీచప్పుడు లేకుండా తినేస్తుంది. నెలకు 8,000 కిలోమీటర్లు తిరిగే పది టైర్ల బండి లీటరుకు 4 ఇచ్చేది 3.5కు దిగిందనుకోండి. 2,000 లీటర్లతో అయ్యే పనికి 2,285 లీటర్లు పోయాలి. లీటరు రూ.97 లెక్కన నెలకు రూ.27 వేల పైచిలుకు! అయితే మైలేజీ పడిందనగానే బండిని తప్పుపట్టకండి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, బ్రేకులు పట్టేస్తున్నా, ఇంజెక్టర్లు దెబ్బతిన్నా ఇలాగే ఉంటుంది. అవన్నీ సరిచేయించాక కూడా లేవకపోతే అప్పుడు లెక్కలో వేయండి.

ఆగిన రోజులకు పోయిన బాడుగను కూడా కలపండి, చాలామంది వదిలేసేది ఇదే. ఈ మూడూ కలిపి నెల సరాసరి కొత్త బండి కంతులో సగం దాటితే షోరూముల్లో ధరలు అడగడం మొదలుపెట్టండి. కంతుకు దగ్గరకొచ్చిందంటే ఇక ఆలస్యం వద్దు. సగం అన్నది నా అంచనా, మీ బాడుగలను బట్టి కాస్త అటూ ఇటూ చేసుకోండి.

ఇంజన్ ఏమంటోంది?

ఇంజన్ బాగా వేడెక్కాక, ఆగి ఉన్న బండిని స్టార్టింగ్‌లోనే ఉంచి ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నగా ఆవిరిలా వస్తే పర్వాలేదు. గుప్పుగుప్పుమని పొగ ఎగజిమ్ముతూ, మీద పెట్టిన మూత ఎగిరెగిరి పడుతుంటే ఇంజన్ లోపలి రింగులు, లైనర్లు అరిగినట్టే. అలాగే కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు గమనించండి. అదే లోడుకు నిరుడు ఎక్కిన గేరులో ఈసారి ఎక్కలేకపోతుంటే పెద్ద పని దగ్గరపడిందన్నమాట.

ఇంజన్ కట్టించి (విప్పి, అరిగిన సామాన్లు మార్పించి) వెంటనే అమ్మడం అన్నింటికంటే దండగ. మీరు పెట్టిన లక్షల్లో సగం కూడా కొనేవాడు ఇవ్వడు. కట్టిస్తే ఇంకో మూడేళ్లు మీరే తోలండి, లేదా కట్టించకముందే ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయండి.

వయసు, కాగితాలు

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. బండి వయసు పెరిగేకొద్దీ దాని ఫీజు కూడా పెరుగుతుంది. నేషనల్ పర్మిట్ ఆరు టైర్ల బండికి 12 ఏళ్లు, మల్టీ యాక్సిల్‌కు (రెండుకు మించి ఇరుసులున్నదానికి) 15 ఏళ్ల వరకే. ఆ గీత దాటాక రాష్ట్రం లోపల తిప్పుకొనేవాళ్లే కొంటారు, ధర దిగిపోతుంది. అందుకే గీతకు రెండు మూడేళ్ల ముందే అమ్మాలి.

చీనీకాయలతో ఢిల్లీ లైను తిరిగేవాళ్లకు ఇంకో ముడి ఉంది. బయటి రాష్ట్రాల బీఎస్-3 (బీఎస్ అంటే పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) సరుకు బండ్లను 2025 నవంబరు 1 నుంచి ఢిల్లీలోకి రానివ్వడం లేదు. బీఎస్-4కు గడువు 2026 అక్టోబరు 31. బేతంచెర్ల నుంచి కర్నూలుకు నాపరాయి తోలే బండికి ఈ టెన్షన్ లేదు. పైగా దగ్గరి లోడ్లకు బీఎస్-4 బండే నయమంటాను. వాటిలో కొన్ని మోడళ్లకు పొగ శుద్ధి కోసం యూరియా ద్రవం పోయనక్కర్లేదు, సెన్సార్ పోయిందని ల్యాప్‌టాప్ తెచ్చే మనిషి కోసం ఎదురుచూసే గొడవా కొత్త బీఎస్-6 బండ్లకంటే తక్కువే. 2025 అక్టోబరు నుంచి తయారైన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరైంది. మే నెలలో గుత్తి రోడ్డు మీద తిరిగేవాళ్లకు దాని విలువ చెప్పక్కర్లేదు కానీ, ఆ ఒక్కదాని కోసం అప్పు చేయకండి.

ధర తేల్చుకోవడం

2025 సెప్టెంబరు 22న లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి చౌకైతే పాతదాని ధరా దిగుతుంది. కాబట్టి అంతకుముందు ఎవరో అమ్మిన రేటు పట్టుకుని కూర్చోవద్దు.

షోరూంకు వెళ్లినప్పుడు పాత బండి మాట ఎత్తకుండా ముందు కొత్తదాని ధర రాయించుకోండి. తర్వాత పాతది చూపించండి. రెండూ కలిపి మాట్లాడితే ఎక్స్ఛేంజ్ బోనస్ అని ఒకచోట పెంచి, ఇంకోచోట తగ్గిస్తారు. బయట ఇద్దరు బ్రోకర్లనూ అడిగి, మీ చేతి నుంచి పడే తేడా ఎంతో చూడండి. రేటు పెద్దగా తేడా లేకపోతే షోరూంకే ఇవ్వండి, తిరుగుడు తప్పుతుంది.

ఎవరికిచ్చినా ఫైనాన్స్ ఎన్‌ఓసీ (బాకీ లేదని ఇచ్చే పత్రం), ఫారం 35తో ఆర్సీలో అప్పు కొట్టేయించి, ఫారం 29, 30 మీద పేరు మారేదాకా వదలొద్దు. ఆర్సీలో పేరున్నవాడే ఓనరని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. స్టాంపు పేపరు మీద రాసుకున్న అగ్రిమెంటు అక్కడ నిలవదు. బండి అప్పగించే రోజే ఫాస్టాగ్ తీసేసి క్లోజ్ చేయించండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇన్సూరెన్స్‌లో ఇచ్చే తగ్గింపు) ఉంటే అది ఓనరుది, బండిది కాదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో లెటర్ తీసుకుంటే కొత్త బండి ప్రీమియంలో తగ్గుతుంది.