హైస్కూలు పిలకాయల దగ్గరికి సర్వేకి వెళ్లేముందు

నా దగ్గర ఎంఎడ్ చేస్తున్న అమ్మాయి పోయిన నెల నెల్లూరు పక్కన ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతికి ప్రశ్నపత్రాలు పంచింది. లంచ్ బెల్ కొట్టగానే నింపిన కాగితాల కట్ట క్లాస్ టీచర్‌కిచ్చి భోజనానికి వెళ్లింది. ‘లెక్కల పీరియడంటే భయం, ఏమీ అర్థం కాదు’ అన్న రాత ఎవరిదో టీచర్ పోల్చుకున్నారు. మర్నాడు క్లాసంతా వినేట్టు చదివారు. ఆ పిల్లాడు వారం రోజులు బడికి రాలేదు. పిల్లలు బడికి ఎందుకు దూరమవుతున్నారో తెలుసుకోను వెళ్లి మేమే ఒకణ్ణి దూరం చేశాం.

దసరా సెలవులయ్యాక పరిశోధన చేస్తున్న మీరంతా ఇలాంటి సర్వేలకే బడులకు బయల్దేరతారు. శాంపిల్ లెక్కలు, అనుమతి పత్రాలు మీ గైడ్ చెబుతారు. నేను చెప్పేది ఒకటే: నింపిన కాగితం టీచర్ చేతికి పోకూడదు. పేరు రాయించకపోతే చాలనుకుంటారు మీరు. తరగతిలో ప్రతి చేతిరాతా ఆ టీచర్‌కి తెలుసు. కాగితం దాకా ఎందుకు, టీచర్ గదిలో ఉంటేనే జవాబులు మారిపోతాయి. ‘బడి ఇష్టమా?’ అంటే అందరూ ‘చాలా ఇష్టం’ దగ్గరే టిక్ పెడతారు. ఆ టిక్కులు నమ్మి థీసిస్ రాసి వైవాలో నోరు పెగలక నిలబడ్డవాళ్లను చూశాను.

హాజరు పట్టీని కూడా నమ్ముకోవద్దు. 2004లో ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్ అనే పరిశోధకులు తమ సమీక్షలో చదువులో లీనం కావడాన్ని, అంటే నిమగ్నతను, మూడుగా చూశారు: ప్రవర్తన, మనసు, ఆలోచన. హాజరు చెప్పేది మొదటిదాంట్లో కొంత మాత్రమే. ముందు బెంచీలో కూర్చుని బోర్డు మీదది పొల్లుపోకుండా దించుకునే పిల్ల ఒక్క ముక్క అర్థం కాకుండానే ఏడాది గడిపేయగలదు. అల్లరివాళ్లనే వెతికితే ఆ పిల్ల మీకు దొరకదు.

బడికి రానివాళ్లు మరీ ముఖ్యం. పొగాకు పనులు నడిచే ఊళ్లలో, యానాది కాలనీల్లో తరగతిలో ఉన్నవాళ్లతోనే సర్వే ముగించారంటే మీ అసలు మనుషులు బయటే ఉండిపోయారు. కనిగిరి వైపు అమ్మానాన్నలు హైదరాబాద్, బెంగళూరు పనులకు పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. అనుమతి పత్రం మీద అవ్వ వేలిముద్రతో సరిపెట్టుకోకుండా అమ్మానాన్నలతో ఫోన్లో మాట్లాడి వాళ్ల అనుమతి తీసుకోండి.

ఇక వినండి. ప్రశ్నలు ముందు ఐదారుగురు పిల్లలతో చదివించండి. ‘నిమగ్నత అంటే ఏంది సార్?’ అని ఒకడు అడిగాకే మా ఫారం మార్చుకున్నాం. ఇంటి కష్టాలే కాదు, బడి గురించీ అడగండి: ఐదో తరగతి దాకా ఒకరిద్దరు టీచర్లు, ఆరు నుంచి సబ్జెక్టుకొకరు, పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరైనా ఉన్నారా? రోల్ నంబర్ రాయించొద్దు. ఫొటోలు వద్దు. చాక్లెట్లు ఆశపెట్టొద్దు. మొద్దు, సోమరి అన్న మాటలు ప్రశ్నల్లో ఉండకూడదు. పిల్లాడు వద్దంటే వదిలేయండి, ఎందుకని అడగొద్దు. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వొద్దు. లైంగిక వేధింపు బయటపడితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ దగ్గర పెట్టుకోండి. కొడుతున్నారని చెబితే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అది నిషేధించిందని గుర్తుంచుకోండి, కానీ ఆ పిల్లాడి పేరు స్టాఫ్‌రూమ్‌లో ఎత్తొద్దు. టీచర్‌ని మర్యాదగా బయట కూర్చోమనండి. హెడ్మాస్టర్ ‘ఒకసారి చూసిస్తాం’ అన్నా కాగితాలు ఇవ్వొద్దు. లంచ్ బెల్ కొట్టిందా, కట్ట మీ సంచిలో పెట్టుకుని, ఆ సంచి భుజానికేసుకునే భోజనానికి వెళ్లండి.