తాడోబాలో పులి కనిపించాలంటే ముందు చెవులు రిక్కించాలి

పులిని చూడాలని ఉంది, ఎక్కడికి వెళ్లమంటారు అని అడిగే హైదరాబాద్ వాళ్లందరికీ నా జవాబు ఒకటే, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని తాడోబా. మన అమ్రాబాద్ లేదా, ఫరహాబాద్‌లో సఫారీ లేదా అంటారు. ఉంది, అడవి కూడా బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఆ నల్లమలలో పులులు బాగా పలచగా ఉంటాయి, ఒక్క పూట తిరిగి చూసేద్దామంటే కుదరదు. అక్కడికి అడవి కోసం వెళ్లాలి. పులి కోసమైతే మాత్రం చంద్రపూర్ రైలెక్కండి.

తాడోబా 1955లో నేషనల్ పార్క్ అయింది. పక్కనున్న అంధారి అభయారణ్యాన్ని కలిపి 1995లో టైగర్ రిజర్వ్ చేశారు. కోర్, అంటే లోపలి అసలు అడవి, 625 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ అంచు అడవి, అంటే బఫర్, ఇంకో 1,100 దాకా. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లలో చాలావరకు బల్లార్షాలో ఆగుతాయి, కొన్ని చంద్రపూర్‌లో కూడా. చంద్రపూర్ నుంచి మోహర్లీ గేటు ముప్పై కిలోమీటర్ల లోపే ఉంటుంది. కారులో అయితే మంచిర్యాల, ఆసిఫాబాద్, రాజురా మీదుగా వెళ్లొచ్చు. భాష గురించి టెన్షన్ అక్కర్లేదు, గైడ్లు హిందీలో చెబుతారు, బల్లార్షా, చంద్రపూర్ బజార్లలో అయితే తెలుగే వినిపిస్తూ ఉంటుంది.

చాలామంది ముందు మంచి రిసార్ట్ చూసుకుని, తర్వాత సఫారీ ఏ గేటులో దొరికితే ఆ గేటులో బుక్ చేస్తారు. అలా చేయకండి. ముందు గేటు, తర్వాతే గది. మోహర్లీ మనవైపు, కోలారా చిమూర్ వైపు, అంటే నాగ్‌పూర్ నుంచి వచ్చేవాళ్లకి అనుకూలం. మోహర్లీలో గది తీసుకుని కోలారాలో పొద్దుటి సఫారీ పెట్టుకుంటే, అడవి లోపల నుంచి అడ్డంగా వెళ్లనివ్వరు కాబట్టి చుట్టూ తిరిగి చీకట్లోనే డ్రైవింగ్ చేయాలి. తెల్లవారుతూనే గేటు తీస్తారు, ఆ మొదటి గంటే అసలు గంట, దాన్ని రోడ్డు మీద పోగొట్టుకోవడం ఎందుకు?

బుకింగ్ అటవీశాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనే చేయండి. ప్రతి ఒక్కరి పేరు, గుర్తింపు కార్డు నంబరు అడుగుతుంది, గేటు దగ్గర అదే కార్డు ఒరిజినల్ చూపించాలి. బావమరిది రాలేకపోయాడు, వాడి బదులు మా తమ్ముడొచ్చాడు అంటే ఒప్పుకోరు. కోర్‌కి మంగళవారం సెలవు. వానల్లో జులై నుంచి సెప్టెంబరు దాకా కోర్ మూసేస్తారు, కొన్ని బఫర్ గేట్లు మాత్రం నడుస్తాయి. కోర్‌లో టికెట్ దొరకలేదని దిగులుపడి ట్రిప్ మానుకోకండి, బఫర్‌లోనూ పులులు బాగానే కనిపిస్తాయి. గీత మనం గీసుకున్నది, వాటికేం తెలుసు.

ఎప్పుడు వెళ్లాలంటే, ఎండ తట్టుకోగలిగితే ఏప్రిల్, మే. చంద్రపూర్ ఎండ అంటే మామూలు విషయం కాదు, 45 డిగ్రీలు దాటిన రోజులు ఉంటాయి. కానీ ఆకు రాలి అడవి పలచబడుతుంది, నీళ్లు కొన్నిచోట్లే మిగులుతాయి, పులి అక్కడికి రాక తప్పదు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి. అప్పుడు పొద్దున్నే టాప్ లేని జిప్సీలో చలి ఎముకలు కొరికేస్తుంది, మంకీ క్యాపు, దుప్పటి పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. ఏ కాలమైనా దుమ్ము తప్పదు, ముక్కుకి కట్టుకోవడానికి చున్నీయో తువ్వాలో ఉండాలి. కోర్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, కెమెరా ఉంటే తీసుకెళ్లండి.

జిప్సీలో ఆరుగురికి చోటు, ముందు డ్రైవరు, గైడు. ఎక్కగానే "పులి ఎక్కడ, పులి ఎక్కడ" అని వాళ్లని సతాయించకండి. నిన్న సాయంత్రం ఎక్కడ కనిపించింది, పిల్లల తల్లి ఏ నీటిగుంట వైపు తిరుగుతోంది అని అడగండి, మీకు ఆసక్తి ఉందని తెలిస్తే వాళ్లూ ఉత్సాహంగా చూపిస్తారు. పొద్దున్నే మట్టిరోడ్డు మీద పులి అడుగులు కనబడితే బండి ఆపించి, కూర్చున్నచోటు నుంచే వంగి చూడండి. నిన్నటి టైరు గుర్తుల మీద అడుగు పడి ఉంటే పులి రాత్రి నడిచింది. అడుగు మీదుగా టైరు పోయి ఉంటే అది పాతది, వదిలేయండి. అంచులు చెదరకుండా, మెత్తటి దుమ్ములో వేళ్ల గుండ్రాలు ఇప్పుడే అచ్చు గుద్దినట్టు ఉన్నాయంటే ఇక మాట్లాడకండి.

ఎందుకంటే ఆ తర్వాత పని చెవులది. కొండముచ్చు చెట్టు మీద నుంచి ముందే చూసి ఖక్ ఖక్ మని దగ్గినట్టు అరుస్తుంది. చుక్కల దుప్పి కీచుమని పిలుస్తుంది, తోక పైకెత్తి, ముందుకాలు నేలకేసి కొడుతుంది. అయితే దుప్పి పిరికిది, ఊరికే కూడా అరుస్తుంది, ఒక్క అరుపుకే ఎగిరి గంతేయొద్దు. కణితి, అంటే సాంబార్ జింక, అలా కాదు. బొంగురుగా, ఖంగుమని అది పిలిచిందంటే పెద్ద జంతువేదో దాని కంటపడినట్టే, పులో చిరుతో. డ్రైవర్ ఇంజన్ ఆపేస్తాడు. అప్పుడు పిలుస్తున్న కణితి మొహం ఎటు తిరిగి ఉందో చూడండి, అది చూస్తున్నవైపు మీరూ చూడండి. పిలుపులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుగుతుంటే పులి నడుస్తోందని అర్థం, అది రోడ్డు ఎక్కడ దాటుతుందో అంచనా వేసి గైడు బండిని ముందుకు తీసుకెళ్తాడు. పిలుపులు ఆగిపోతే పడుకుందేమో. అరగంట అక్కడే కూర్చోవాలి. ఇదే చాలామందికి చేతకాదు, పది నిమిషాలకే పదండి పదండి అంటారు, మీ వెనకాల వచ్చిన బండికి పులి కనిపిస్తుంది.

కనిపించాక లేచి సీటెక్కకండి, కిందికి దిగడమన్న మాటే లేదు. ఇంకాస్త దగ్గరికి పోనివ్వు, డబ్బులిస్తా అని డ్రైవర్‌ని ఆశ పెట్టడం అన్నిటికన్నా అన్యాయం. రూల్ తప్పితే కొన్నాళ్లు గేటు దగ్గరికి రానివ్వరు, పోయేది అతని కూలి.

పులి రాని పూట కూడా చూసేది చాలా ఉంది. రేసుకుక్కల (అడవికుక్కల) గుంపు, అడవిదున్నలు, ఎలుగుబంటి, తాడోబా చెరువులో మొసళ్లు. చెరువు గట్టున తారు గుడి ఉంది, పులితో పోరాడి చనిపోయిన గోండు పెద్ద అంటారు, తాడోబా పేరు ఆయనదే. టేకు, వెదురు మధ్యలో తెల్లటి బెరడుతో నిలబడ్డ చెట్లు కనిపిస్తాయి, అవి మన తపసి చెట్లే, నల్లమలలో చెంచులు బంక తీసేవి. మోహర్లీ వైపు రోడ్డు పక్కన వరసగా పాత రాతి స్తంభాలు చూపించి, గోండు రాజుల కాలంలో వీటికి తీగ కట్టి గంటలతో కబురు పంపేవారని గైడు చెబుతాడు. నిజమో కథో గానీ వినడానికి బాగుంటుంది.

ఒక్క సఫారీతో సరిపెట్టుకోవద్దు. సాయంత్రం ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి, వీలైతే మళ్లీ సాయంత్రం ఒకటి, అందులో ఒకటి బఫర్‌లో పెట్టుకోండి. వచ్చేటప్పుడు రైలు రాత్రిది తీసుకోండి, మధ్యాహ్నం రైలు పెట్టుకుంటే పొద్దుటి సఫారీ అయ్యాక స్నానానికి కూడా టైం ఉండదు.