పాత వ్యాను, కొత్త యజమాని – 4వ పాఠం: టైరు మీది రాత చదవడం

పోయిన పాఠంలో ఇంటిపని ఒకటి ఇచ్చాను. డ్రైవరు తలుపు తీసి, తలుపు ఆనుకునే చోట అంటించిన చిన్న కాగితం మీద ఏముందో ఉన్నది ఉన్నట్టు రాసుకోమన్నాను. కాగితమే కనబడలేదంటే ఆశ్చర్యపోను. అమ్మకానికి ముందు రంగు కొట్టించిన బళ్లలో అది రంగు కింద మాయమైపోతుంది. అలాంటప్పుడు బండితో వచ్చే పుస్తకంలో చూడాలి. పుస్తకం కూడా లేకపోతే అదే మోడలు ఉన్న వాళ్ల తలుపు తీయించి చూసుకోండి, సిగ్గుపడకండి. టైరు కొలత, ఖాళీ బండికి ఎంత గాలి, లోడు బండికి ఎంత గాలి, ఈ మూడూ లేకుండా ఈ పాఠం ముందుకు నడవదు.

నా సంగతి చెబుతాను. 2022 చివర్లో శ్రీకాకుళంలో ఒక పాత బళ్ల డీలరు దగ్గర ఈకో కార్గో అనే లోడు వ్యాను కొన్నాను. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. "నాలుగూ కొత్తవే బాబూ, ఇంక రెండేళ్లు వాటి జోలికెల్లక్కర్లేదు" అన్నాడు. ఇంజను చప్పుడు విన్నాను, కింద తుప్పు చూశాను, ఆర్.సి. చూశాను. టైర్లను మాత్రం దూరం నుంచే చూసి సంతోషపడ్డాను. ఇరవై రోజులు తిరక్కుండానే, కవిటి నుంచి కొబ్బరికాయలు వేసుకుని వస్తుంటే, నరసన్నపేట దాటాక వెనక ఎడమ వైపు దబదబమని కొట్టుకోవడం మొదలైంది. మడపాం టోల్ గేటు దగ్గర దిగి చూస్తే టైరు పక్కగోడ మీద కోడిగుడ్డంత బుడిపె లేచి ఉంది. స్టెప్నీ వేసుకుని మెల్లగా ఊరు చేరాను.

పంచరు షాపతను ఆ టైరు చూసి నవ్వాడు. "ఇది కారు టైరు బాబూ. నువ్వు ఏసింది కాయల లోడు. ఏటవుద్ది మరి?"

ఆ రోజు అతను నేర్పిందే ఈ పాఠం. నా బండి కాగితం మీద ఉన్నది 155 ఆర్ 13 ఎల్.టి. డీలరు వేయించినది 155/80 ఆర్ 13. పక్కపక్కన పెడితే ఎత్తూ వెడల్పూ ఇంచుమించు ఒకటే, ఒకే రిమ్ముకి రెండూ ఎక్కుతాయి. మోసే బరువులోనే తేడా అంతా.

రాతను ముక్కలు చేసి చదవండి. 155 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. గీత తర్వాత 80 ఉంటే, వెడల్పులో నూటికి ఎనభై వంతులు పక్కగోడ ఎత్తు అని అర్థం. ఆ అంకె రాయకుండా వదిలేసిన టైర్లలో కూడా ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. ఆర్ అంటే రేడియల్, టైరు లోపలి అల్లిక రకం. 13 అంటే రిమ్ము కొలత, అంగుళాల్లో. ఎల్.టి. అంటే లైట్ ట్రక్, మనకి కావాల్సిన మాట ఇదే. దాని పక్కన 6 పి.ఆర్. (ప్లై రేటింగ్) అనో 8 పి.ఆర్. అనో ఉంటుంది. అంటే లోపల ఆరో ఎనిమిదో పొరలు ఉన్నాయని కాదు. ఒకప్పుడు నూలు పొరలతో టైరు చేసిన రోజుల్లో అన్ని పొరలుంటే ఎంత బలం వచ్చేదో అంత బలం అని. ఇప్పుడు ఉక్కు తీగలు, నైలాన్ వచ్చాక తక్కువ పొరలతోనే ఆ బలం వస్తోంది.

ఆ తర్వాత చిన్న అక్షరాల్లో ఒక అంకె, ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. ఎవరూ చూడనిది ఇదే, అసలు చూడాల్సినదీ ఇదే. ఆ అంకె బరువుకి గుర్తు. 79 అంటే ఒక టైరు 437 కిలోలు మోస్తుంది. 82 అంటే 475. 85 అంటే 515. 88 అంటే 560, 90 అంటే 600. ఎల్.టి. టైర్ల మీద 85/83 అని రెండు అంకెలు ఉండొచ్చు. మొదటిది ఒంటి చక్రానికి, రెండోది లారీలకి ఉన్నట్టు జంట చక్రాలు ఉంటే. మనవి ఒంటి చక్రాలే కాబట్టి మొదటిదే చూసుకోండి. అక్షరం వేగానికి గుర్తు: ఎన్ అంటే గంటకి 140 కిలోమీటర్లు, క్యూ 160, ఎస్ 180, టి 190. లోడు వ్యానుకి వేగం అక్షరం గురించి టెన్షన్ పడక్కర్లేదు. డీలరు నా వ్యానుకి వేయించిన కారు టైర్ల మీద 79 టి అని ఉంది. గంటకి 190 పరిగెత్తగలదు, కొబ్బరికాయలు మాత్రం మోయలేదు.

మరి మీ బండికి ఎంత కావాలి? దీన్ని ఊహించకండి, తూయండి. మామూలుగా ఎంత లోడు వేస్తారో అంత వేసుకుని, మీరూ డ్రైవరు సీట్లో కూర్చుని, దగ్గర్లో ఉన్న కాటాకి వెళ్లండి. ముందు బండి మొత్తం ఎక్కించి తూయించండి. తర్వాత ముందు చక్రాలు కాటా దాటేలా ముందుకు పోనిచ్చి, వెనక చక్రాలు మాత్రం కాటా మీద ఉంచి ఇంకోసారి తూయించండి. కాటా అతను విసుక్కుంటాడు, ఓ పది రూపాయలు ఎక్కువ ఇవ్వండి. నా బండి మొత్తం 1,480 కిలోలు తూగింది. వెనక చక్రాల మీదే 920. అంటే ఒక్కో వెనక టైరు మీద 460. 79 అంకె టైరు మోసేది 437. సమస్య ఎక్కడుందో తెలిసిపోయింది కదా.

అదీ బండి కదలకుండా నిలబడి ఉంటే. మలుపులో కాయలన్నీ ఒక పక్కకి ఒరిగినప్పుడు, గోతిలో పడినప్పుడు ఒక్క టైరు మీద ఎంత పడుతుందో ఏ కాటా చెప్పదు. అందుకే తూకం కంటే కనీసం యాభై కిలోలు ఎక్కువ మోసే అంకె ఉన్నది తీసుకోండి. కంపెనీ కాగితం మీద ఉన్న రకం కంటే కిందికి మాత్రం ఎప్పుడూ దిగకండి. మొత్తం తూకం ఆర్.సి.లో రాసిన లోడు బరువు దాటిందా? అప్పుడు మార్చాల్సింది టైరు కాదు, మీ లోడు.

ఇంకో సులువైన గుర్తు ఉంది. మన దేశంలో అమ్మే టైరు మీద ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి. ఆ ముద్రతో పాటు ఉండే నంబరు 15633 అయితే అది కారు టైరు, 15636 అయితే వాణిజ్య వాహనాల టైరు.

ఇప్పుడు వయసు. పక్కగోడ మీద డి.ఓ.టి. అనే అక్షరాలు వెతకండి. ఆ వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2216 అంటే 2016లో 22వ వారంలో తయారైందని. చాలా టైర్లకి ఈ నాలుగంకెలు ఒక పక్కే ఉంటాయి. ఆ పక్క లోపలికి తిప్పి బిగిస్తే బయటికి కనబడదు. నా నాలుగు టైర్లలో మూడింటికి అలాగే లోపలికి ఉంది. కావాలని చేశారో, అలా కుదిరిందో చెప్పలేను. పడుకుని టార్చి వేసి చూస్తే రెండు 2016వి, ఒకటి 2017ది. మెరుపంతా టైరు పాలిష్. గ్రిప్పు, అంటే రోడ్డుకి తగిలే గాడుల భాగం, బాగానే ఉంది, రబ్బరు మాత్రం ముసలిది. గాడుల అడుగున, పక్కగోడ మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే ఎండకి రబ్బరు ఎండిపోయిందని అర్థం. అయిదేళ్లు దాటిన టైరుని ఏడాదికోసారి తెలిసినవాళ్లకి చూపించాలి. పదేళ్లు నిండితే గ్రిప్పు ఎంత ఉన్నా తీసేయాలి. స్టెప్నీకి కూడా ఇదే లెక్క. వాడలేదు కదా అని కింద వేలాడుతూ పన్నెండేళ్లు ఉన్న స్టెప్నీలు చూశాను.

కళింగపట్నం, భావనపాడు వైపు చేపల బళ్లు నడిపేవాళ్లకి ఒక మాట. మీకు ముందు చెడేది రిమ్ము. ఉప్పుగాలికి రిమ్ము అంచు తుప్పు పట్టి, ట్యూబ్‌లెస్ టైరు అంచు దగ్గర నుంచి గాలి సన్నగా పోతుంటుంది. పంచరు దొరకదు, గాలి నిలవదు. టైరు విప్పించి అంచు గీకించి, రంగు వేయించాకే కొత్త టైరు ఎక్కించుకోండి.

అరుగుదల గురించి త్వరగా చెప్పేస్తాను, ఇది చేత్తో తడిమితే వచ్చే విద్య. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో నడిచింది. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ పోయింది. గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు చూపించండి. గాడుల మధ్యలో అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గ్రిప్పు ఆ గట్టుతో సమానమైతే చట్టప్రకారం ఆ టైరు చెల్లదు. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్ల లోపు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఎఫ్.సి. (ఫిట్‌నెస్ పరీక్ష) చేయించాలి కదా, అక్కడ కూడా ఇది చూస్తారు. వానాకాలం వంశధార వంతెన మీద నీళ్లు నిలిచినప్పుడు నడిపేవాడిని కాబట్టి, నేనైతే 3 మిల్లీమీటర్లకే మార్చేస్తాను.

ఇక డీలరు దగ్గరికి వద్దాం. బుడిపె లేచిన మర్నాడు వెళ్లాను. అమ్మినప్పుడు "ఆరు నెలలు మా పూచీ" అన్న మనిషే, "టైర్లు, బ్యాటరీ, క్లచ్చు అరిగే సరుకు. పూచీ ఇంజనుకే" అన్నాడు. నిజం చెప్పాలంటే సగం న్యాయం అతని వైపు ఉంది. అరిగే సరుకుకి పూచీ ఎవరూ ఇవ్వరు. కానీ బండికి పనికిరాని రకం టైరు వేసి కొత్తదని చెప్పడం అరుగుదల లెక్కలోకి రాదు. ఆ వాదన గట్టిగా చేయడానికి నా చేతిలో కాగితం లేదు. చివరికి రెండు టైర్ల ధరలో కొంత తగ్గించి ఇచ్చాడు, అదీ మా బావ వచ్చి గంటసేపు కూర్చుంటే.

మీరు ఆ తప్పు చేయొద్దు. డబ్బు కట్టే ముందే డీలరు చేత ఒక కాగితం మీద రాయించుకోండి: పూచీ ఎన్నాళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఏయే భాగాలకి, మరమ్మతు ఎక్కడ చేయిస్తారు, కూలీ ఎవరిది. నాలుగు టైర్ల కొలతలు, బరువు అంకెలు, తయారీ అంకెలు అదే కాగితం మీద ఎక్కించి సంతకం, ముద్ర వేయించుకోండి. టైర్లు నిజంగా కొత్తవైతే వాటి బిల్లులు అడగండి. తయారీ లోపం ఉంటే టైరు కంపెనీ, మిగిలిన గ్రిప్పుని బట్టి లెక్కకట్టి పరిహారం ఇస్తుంది. బిల్లు ఉంటే ఆ పని సులువు. గోతిలో పడి లేచిన బుడిపెకి మాత్రం అది వర్తించదు.

నేను కొన్నాక ఒక మంచి నియమం వచ్చింది. కేంద్రం 2022 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసింది. దాని ప్రకారం పాత బళ్ల డీలరు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి, అది ఫారం 29బి. యజమాని బండిని డీలరుకి అప్పగించినట్టు ఫారం 29సి ద్వారా తెలియజేయాలి. అప్పటి నుంచి, వేరొకరికి అమ్మేదాకా, ఆ బండికి యజమాని బాధ్యత డీలరుదే. "29బి ఉందా బాబూ?" అని ఒక్క మాట అడిగి చూడండి. మొహం చూస్తేనే చాలా తెలుస్తుంది.

మాట తప్పితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. గడువు రెండేళ్లు. ఫోనులో సలహాకి 1915. వ్యాపారానికి కొన్న బండి కాబట్టి కుదరదని ఎవరైనా అంటే నమ్మకండి. పొట్టకూటికి, స్వయం ఉపాధికి కొనుక్కున్నవాడు కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే.

కొత్త టైర్లు కొనేటప్పుడు దారిని బట్టి గ్రిప్పు ఎంచుకోండి. నరసన్నపేట, టెక్కలి, పలాస అంటూ హైవే మీదే తిరిగితే నిలువు గీతలది చాలు. సీతంపేట ఘాటీ, ఏజెన్సీ మట్టిరోడ్లు ఉంటే దిమ్మల గ్రిప్పు. దిమ్మలది హైవే మీద వాడితే హోరు పెడుతుంది, డబ్బు దండగ. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అది చూసుకోండి.

రెండే కొనగలిగితే ఎక్కడ వేయాలి? మన వైపు షాపుల్లో ముందుకే వేస్తారు, ముందు టైరు పేలితే ప్రాణం పోతుందన్న భయంతో. టైరు కంపెనీలు మాత్రం వెనక్కి వేయమంటాయి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే యాక్సిలరేటరు మీంచి కాలు తీసి సర్దుకోవచ్చు, వెనక జారితే బండి గిర్రున తిరిగిపోతుంది. లోడంతా వెనకే ఉన్న వ్యానుకి నేను కంపెనీల మాటే వింటాను. ముందు చక్రాలకి ఉన్నవాటిలో మంచివి ఉంచండి, రీట్రేడింగ్ చేసినవి, అంటే అరిగిన టైరుకి కొత్త గ్రిప్పు అంటించినవి, మాత్రం వద్దు.

గాలి విషయంలో ఒక పాత నమ్మకం వదిలించుకోవాలి. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గిస్తారు. జరిగేది దానికి విరుద్ధం. గాలి తగ్గితే పక్కగోడ ప్రతి చుట్టుకీ మడత పడి లేస్తుంది, ఆ మడతకే వేడెక్కి చిరుగుతుంది. పొద్దున్నే బండి తీయకముందు, తలుపు దగ్గర కాగితంలో ఉన్నంత పట్టించండి. టైరు మీద మాక్స్ అని రాసి ఉన్నది టైరు తట్టుకునే హద్దు, మీరు పట్టించాల్సిన కొలత కాదు. యాభై కిలోమీటర్లు నడిచాక గాలి కొంచెం పెరిగినట్టు చూపిస్తుంది, అప్పుడు తీయకండి.

ఈ వారం ఇంటిపని: స్టెప్నీతో కలిపి అయిదు టైర్ల కొలత, బరువు అంకె, తయారీ అంకె నోట్సులో రాయండి. లోడుతో కాటాకి వెళ్లి రెండు తూకాల చీటీలు తెచ్చుకోండి. వెనక తూకాన్ని రెండుతో భాగించి, మీ టైరు మోసే బరువుతో పోల్చండి. ఈలోగా చక్రాలు విప్పించి ఉంటే, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక వీల్ స్పానరుతో నట్లు మరోసారి బిగించండి. ఆ చక్రాలు విప్పినప్పుడే బ్రేకు డ్రమ్ముల ఫొటో ఒకటి తీసి ఉంచుకోండి, 5వ పాఠానికి కావాలి.