డిస్కు లేత్‌కు తెచ్చే ముందు హబ్ చూడండి

తిరుపతిలో నాది లేత్ షాపు. ఇరవై రెండేళ్లుగా బ్రేకు డ్రమ్ములు, డిస్కులు టర్నింగ్ చేస్తున్నాను, అంటే లేత్ మీద తిప్పుతూ పైపొర చెక్కి సమం చేస్తాను. పాత బండ్ల డ్రైవర్లు డిస్కులు గోనెసంచిలో వేసుకొచ్చి చెప్పే మాట ఒకటే: "అన్నా, డిస్కు బెండయింది. బ్రేకు తొక్కితే స్టీరింగ్ ఊగిపోతా ఉంది. రెండుపక్కలా టర్నింగ్ కొట్టెయ్." నేను అడిగేదీ ఒకటే: "బండి మీద ఉండంగా గేజ్ పెట్టి చూసినావా తమ్ముడూ?" చూసినవాళ్లు చాలా తక్కువ. గేజ్ అంటే, డిస్కు తిరిగేటప్పుడు ఎంత పక్కకు ఊగుతుందో ముల్లుతో చూపే డయల్ గేజ్.

ఈ ప్రశ్న అడగడం నాకు ఒక పాత వ్యాను నేర్పింది. దాని ముందు డిస్కులు రెండూ టర్నింగ్ చేసి ఇచ్చాను. లేత్ మీద గేజ్ ముల్లు కదల్లేదు. రెండున్నర నెలలకు అదే వణుకుతో డ్రైవర్ తిరిగొచ్చాడు. ఈసారి గేజ్ పట్టుకొని నేనే బండి దగ్గరికి పోయాను. చక్రం విప్పి డిస్కు తిప్పితే ముల్లు 90 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఊగింది. డిస్కు ఊడదీస్తే హబ్ (డిస్కూ చక్రమూ బిగించే మధ్య భాగం) ముఖం మీద, ఒక బోల్టు పక్కన, ఎర్రటి తుప్పు పెచ్చు. కంటికి సరిగా ఆనలేదు గానీ వేలిగోటికి తగిలింది. హబ్ దగ్గర 50 మైక్రాన్ల మందం ఉన్న పెచ్చు డిస్కును వాలుగా కూర్చోబెడుతుంది. ఆ తేడా డిస్కు అంచుకు వచ్చేసరికి 80 దాటిపోతుంది. అలా వంకరగా తిరిగే డిస్కు, బ్రేకు తొక్కకపోయినా ప్రతి చుట్టులో ఒకేచోట బ్రేకు ప్యాడ్‌కు రాసుకుంటుంది. వేల కిలోమీటర్లకు ఆ చోటు అరిగి పలచబడుతుంది. కాలికి తెలిసే వణుకు అప్పుడు మొదలవుతుంది. వ్యానుకు నేను తీసింది ఆ అరుగుదలను. దానికి కారణమైన పెచ్చు హబ్ మీదే ఉండిపోయింది.

అందుకని వరసగా చూసుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కకుండానే స్టీరింగ్ ఊగితే అది టైరు, వీల్ బ్యాలెన్సింగ్ పని. తొక్కినప్పుడే ఊగితే ముందు చక్రాల డిస్కుల్ని అనుమానించండి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు, పెడల్ కొట్టుకుంటుంటే వెనక డ్రమ్ములు గుండ్రం తప్పి ఉండొచ్చు.

చదును నేల మీద వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తాక స్టాండ్లు వేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చేయి పెట్టొద్దు. చక్రం విప్పేముందు దాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. బేరింగ్ లూజుంటే గేజ్ చెప్పే లెక్క నమ్మలేం. చక్రం తీశాక, వాషర్లు వేసి వీల్ నట్లతో డిస్కును హబ్‌కు బిగించండి. గేజ్ మొనను డిస్కు అంచుకు 10 మిల్లీమీటర్లు లోపల ఆనించి, నిదానంగా ఒక చుట్టు తిప్పండి. మీ బండి మాన్యువల్‌లో ఉన్న హద్దే లెక్క. మామూలుగా 50 మైక్రాన్ల లోపు ఉంటే మంచిది, 100 దాటితే వదిలేయకూడదు.

ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌ను విప్పితే దాన్ని బ్రేకు పైపుకు వేలాడదీయకండి, తీగతో స్ప్రింగుకు కట్టండి. దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవండి. డిస్కు తుప్పుతో అతుక్కుంటే అంచు మీద సుత్తితో కొట్టకండి. చాలా డిస్కులకు మరలున్న రెండు చిన్న రంధ్రాలుంటాయి, వాటిలో బోల్టులు ఎక్కిస్తే డిస్కే బయటికొస్తుంది. హబ్ ముఖాన్ని, డిస్కు వెనక ముఖాన్ని వైర్ బ్రష్, ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దండి. బోల్టుల మొదళ్లలో తుప్పు దాక్కుంటుంది, అక్కడ ఓపిక పట్టండి. మళ్లీ బిగించి గేజ్ పెట్టండి. ఇంకా ఊగితే, లొకేటింగ్ స్క్రూ (డిస్కును హబ్ మీద ఒకే స్థానంలో పట్టి ఉంచే చిన్న మర) లేని డిస్కును ఒక బోల్టు పక్కకు జరిపి చూడండి. ఒక్కోసారి అంతటితోనే హద్దులోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు మైక్రోమీటర్‌తో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలవండి. ఈ పనికి వెర్నియర్ చాలదు. 15 మైక్రాన్లకు మించి తేడా ఉంటే అప్పుడు లేత్‌కు తెండి. డిస్కు మీద కనీస మందం అంకె పోసి ఉంటుంది: కొత్తప్పుడు 17 మిల్లీమీటర్లు ఉన్నదానికి 15 అన్నట్టు. టర్నింగ్ అయ్యాక కూడా అంతకంటే మందం మిగలకపోతే నేను పట్టను. డిస్కు మీద నీలిమచ్చలు ఉన్నా కొత్తది కొనమనే చెబుతాను. బాగా వేడెక్కినచోట పోత ఇనుము గట్టిపడిపోతుంది. టూల్ ఆ మచ్చ మీదికి రాగానే ప్రతి చుట్టులో కీచుమని ఎగురుతుంది. పైపొర తీసినా లోపల గట్టిదనం అలాగే ఉంటుంది. నెలల్లో మళ్లీ ఉబ్బుగా తేలుతుంది.

క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు వేలితో నెడితే జారాలి. బిగుసుకుంటే శుభ్రం చేసి, రబ్బరుకు పడే బ్రేకు గ్రీజు పూయండి. వీల్ నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో రాసినంతే బిగించండి. గాలి గన్నుతో ఒకదాన్ని ఎక్కువ, ఒకదాన్ని తక్కువ బిగిస్తే, ఇంతసేపు సరిచేసిన డిస్కు మళ్లీ వాలుతుంది. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఇది మరిచిపోతే మొదటిసారి బ్రేకు పడదు.

టర్నింగ్ చేసినా, కొత్తవి వేసినా, ప్యాడ్లు డిస్కుకు ఒదగడానికి, ఖాళీ రోడ్డులో గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి ఎనిమిది పదిసార్లు మెల్లగా తగ్గించండి. మధ్యలో పూర్తిగా ఆపొద్దు. తరువాత పది నిమిషాలు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లారనివ్వండి.

తిరుమల నుంచి దిగేవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. దిగడానికి వాడే మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది, 36 మలుపులు. దారంతా బ్రేకు మీదే కాలు ఉంచొద్దు, రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకోవాలి. అలిపిరి చేరాక, కాలుతున్న డిస్కును ప్యాడ్లతో బిగబట్టి నిలబెడితే ప్యాడ్ పదార్థం అక్కడ ముద్రలా అంటుకుంటుంది, వణుకు దానితోనూ వస్తుంది. ఊరి దారిలో కాసేపు నిదానంగా తిప్పి, ఆపాక హ్యాండ్ బ్రేకు వేసి పెడల్ మీద నుంచి కాలు తీసేయండి.